సున్నపు తేటలో ఊదుతూ పోతే: సముద్ర ఆమ్లీకరణ మీద ఒక సమాధానం

గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని సముద్రపు నీటి పీహెచ్ (7 కిందైతే ఆమ్లం, 7 పైనైతే క్షారం అని చెప్పే కొలత) తగ్గుతూ పోవడాన్ని సముద్ర ఆమ్లీకరణ అంటారు. దాని మీద మీరు ఇక్కడ అడిగిన ప్రశ్నలో నిజానికి నాలుగు ప్రశ్నలున్నాయి. సముద్రపు నీటి పీహెచ్ 8 దాటే ఉంటుంది కదా, అది క్షారమే అయినప్పుడు ‘ఆమ్లీకరణ’ అనడం తప్పు కాదా అన్నది ఒకటి. కార్బన్ డయాక్సైడ్ నీటిలో కలిస్తే కార్బోనేట్ పెరగాలి, అది పెరిగితే గవ్వలకూ పగడాలకూ మేలే జరగాలి, మరి అందరూ ఎదురు చెబుతారేమిటి అన్నది రెండోది. కారణం సముద్రగర్భంలోని అగ్నిపర్వతాలు ఎందుకు కాకూడదు అన్నది మూడోది. మీ నాన్నగారు రొయ్యల చెరువుల కోసం కొన్న పెన్ను లాంటి పీహెచ్ మీటరుతో రెండేళ్లుగా తీరంలో నీళ్లు చూస్తున్నా తగ్గుదల ఏదీ కనిపించలేదన్నది నాలుగోది.

నేను ఇరవై ఆరేళ్లుగా రొయ్య పిల్లలను పుట్టించే హేచరీలకూ, రొయ్యల చెరువులకూ నీళ్లు పరీక్షించే పనిలో ఉన్నాను. సముద్ర శాస్త్రవేత్తను కాను. కానీ ఇందులోని కెమిస్ట్రీ అంతా మన చెరువుగట్టు మీద రోజూ నడిచేదే కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను. మీ రెండో ప్రశ్న గట్టి ప్రశ్న. ఎక్కువ చోటు దానికే పోతుంది.

మాట సంగతి ముందు తేల్చేద్దాం. మే నెలలో రెంటచింతలలో ఎండ 47 డిగ్రీల నుంచి 43కు దిగితే ‘కాస్త చల్లబడింది’ అంటాం. 43 డిగ్రీలు చల్లదనమా అని ఎవరూ నిలదీయరు. ఆమ్లీకరణ కూడా అటువంటి మాటే, నీరు ఎటు కదులుతోందో చెబుతుంది. 2003లో కెన్ కాల్డెయిరా, మైఖేల్ వికెట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశాక ఈ పేరు బాగా వాడుకలోకి వచ్చింది. భూమిలోని బొగ్గూ చమురూ గ్యాసూ అంతా తగలబెట్టినా ఉపరితల జలాల పీహెచ్ సుమారు 0.7 మేరకే తగ్గుతుందని వాళ్లు లెక్కగట్టారు. అంటే సముద్రం నిమ్మరసం కాబోదు, 7 కిందికి కూడా రాదు. ‘సముద్రం యాసిడ్ అయిపోతోంది’ అని వీడియోలు చేసేవాళ్ల మీద మీకొచ్చిన చిరాకు నాకూ ఉంది.

అలాగని ఆ తగ్గుదలను చిన్నదని కొట్టిపారేయవద్దు. పీహెచ్ అనే కొలత 1909లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ తెచ్చినది. బీరు తయారీ కోసం పెట్టిన ప్రయోగశాల అది. ఆయన పెట్టింది లాగరిథమ్ కొలబద్ద, అంటే పీహెచ్ ఒకటి దిగితే ఆమ్లతను తెచ్చే హైడ్రోజన్ అయాన్లు పది రెట్లవుతాయి. కాబట్టి అందులో 0.1 అంటే పదోవంతు కాదు. పారిశ్రామిక యుగానికి ముందు ఉపరితల సముద్రపు పీహెచ్ సగటున 8.2 దగ్గర ఉండేది, ఇప్పుడు 8.1కి, ఇంకాస్త కిందికి కూడా దిగింది. 8.2 దగ్గర లీటరుకు హైడ్రోజన్ అయాన్లు 6.3 నానోమోళ్లు, 8.1 దగ్గర 7.9 నానోమోళ్లు. దాదాపు 26 శాతం పెరుగుదల. మనిషి రక్తంలో పీహెచ్ 7.4 నుంచి 7.3కి పడితే డాక్టర్లు హడావుడి పడేది ఇదే లెక్కతో.

ఇక అసలు చిక్కుముడి. కార్బన్ డయాక్సైడ్ కలిస్తే కార్బోనేట్ పెరగాలి కదా అన్నారు. కాగితం మీద సమీకరణాలను ఎడమ నుంచి కుడికి వరుసగా చదివితే అలాగే అనిపిస్తుంది. గ్యాసు నీటితో కలిసి కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. అది ఒక హైడ్రోజన్ అయానును వదిలి బైకార్బోనేట్ అవుతుంది. బైకార్బోనేట్ ఇంకొకటి వదిలితే కార్బోనేట్. కాబట్టి ఎడమ వైపు ఎంత పోస్తే కుడి వైపు అంత చేరుతుందని మీరు అనుకున్నారు. నేనూ డిగ్రీలో ఇలాగే రాసి మార్కులు పోగొట్టుకున్నాను.

స్కూల్లో చేసిన ప్రయోగం ఒకటి గుర్తు చేసుకోండి. గ్లాసులో సున్నపు తేట తీసుకుని స్ట్రాతో ఊదితే పాలలా తెల్లబడుతుంది. పుస్తకాలు అక్కడితో ఆగిపోతాయి, టీచర్లూ అక్కడే గంట కొట్టేస్తారు. ఆపకుండా ఇంకాసేపు ఊదండి. ఆ తెలుపు పలచబడి, నెమ్మదిగా నీళ్లు మళ్లీ తేటపడతాయి. (ఊదాలి, పొరపాటున పీల్చకూడదు. సున్నం గొంతు కాలుస్తుంది.) మొదట ఏర్పడిన తెల్లని పొడి కాల్షియం కార్బోనేట్, అంటే గవ్వ దేనితో తయారవుతుందో అదే. మీరు ఊదిన కార్బన్ డయాక్సైడే దాన్ని తయారు చేసింది, తర్వాత ఊదినది దాన్ని కరిగించింది. గ్యాసు ఒక్కటే, పాత్ర ఒక్కటే. తేడా ఎక్కడ వచ్చింది?

మొదట గ్లాసులో క్షారం దండిగా ఉంది. వచ్చిన ప్రతి కార్బన్ డయాక్సైడ్ అణువు చేతిలోని రెండు హైడ్రోజన్ అయాన్లనూ లాక్కునే వాళ్లున్నారు. అందుకే అది నేరుగా కార్బోనేట్ దాకా వెళ్లింది. ఆ క్షారం అయిపోయాక కొత్తగా వచ్చిన అణువు తన హైడ్రోజన్ అయానును ఎవరికి అంటగట్టాలి? అక్కడ మిగిలిన గిరాకీ కార్బోనేట్ ఒక్కటే. కార్బోనేట్ దాన్ని తీసుకుని బైకార్బోనేట్ అయిపోతుంది. ఇచ్చినదీ బైకార్బోనేటే, పుచ్చుకున్నదీ బైకార్బోనేటే. ఒక గ్యాసు అణువు వచ్చి ఒక కార్బోనేటును మింగితే రెండు బైకార్బోనేట్లు మిగులుతాయి. ఇంటి భాషలో చెప్పాలంటే చాకలి సోడా వంట సోడాగా మారిపోతోంది.

సముద్రం ఈ ప్రయోగంలోని రెండో దశలో ఉంది. అక్కడ కరిగి ఉన్న కార్బన్‌లో సుమారు 90 శాతం బైకార్బోనేట్ రూపంలో, 9 శాతం కార్బోనేట్ రూపంలో, ఒక శాతం కంటే తక్కువ గ్యాసుగా ఉంటుంది. కొత్త గ్యాసు వచ్చినప్పుడల్లా ఆ 9 శాతం వాటా తరుగుతుంది. మొత్తం కార్బన్ పెరుగుతూనే ఉంటుంది, కార్బోనేట్ మాత్రం తగ్గుతుంది. మీ తర్కంలో లోపం ‘పెరుగుతుంది’ అన్న దగ్గర లేదు. ఏది పెరుగుతుంది అన్న దగ్గర ఉంది.

ఇక్కడ మన వృత్తిలోని ఒక పొరపాటు కూడా చెప్పాలి. మీ నాన్నగారికి వచ్చే ల్యాబ్ రిపోర్టుల్లో కార్బోనేట్లకు ఒక గడి, బైకార్బోనేట్లకు ఒక గడి ఉంటాయి. నేరుగా సముద్రపు నీళ్లు పంపిస్తే చాలాసార్లు కార్బోనేట్ల గడిలో సున్నా వేసి ఇస్తారు. క్షారం తగినంత ఉంటే రంగు మారే ఫినాల్ఫ్తలీన్ చుక్కలు వేస్తే గులాబీ రంగు రాలేదు, కాబట్టి సున్నా. ఆ రంగు పీహెచ్ 8.3 దగ్గర తిరుగుతుంది, నీళ్లేమో 8.1. మంచినీటికైతే ఆ సున్నా దాదాపు నిజమే. ఉప్పునీటిలో మాత్రం కాదు. బైకార్బోనేట్ రెండో హైడ్రోజన్ అయానును వదిలే బిందువు మంచినీటిలో 10.3 దగ్గర ఉంటే, సముద్రపు ఉప్పులోని మెగ్నీషియం, కాల్షియం, సోడియం కార్బోనేటును పట్టి ఉంచడం వల్ల అది 9 దగ్గరికి దిగి వస్తుంది. అందుకే 8.1 దగ్గర కూడా సముద్రంలో కార్బోనేట్ చెప్పుకోదగినంత ఉంటుంది. రిపోర్టులో సున్నా చూసి ‘అసలు లేనిది ఇంకేం తగ్గుతుంది’ అని మీకు అనిపించి ఉంటే తప్పు మీది కాదు, మా గడులది.

ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే నీటి బలం, దాని గురించి కూడా ఒక మాట. కార్బన్ డయాక్సైడ్ కలిసినా పోయినా ఆల్కలినిటీ కదలదు. నేను పనిలో చేరిన కొత్తలో ఒక హేచరీకి ఉప్పునీటి బోరు వేశారు. నీళ్లు తెచ్చి చూస్తే పీహెచ్ 7.4, ఆల్కలినిటీ మాత్రం నిక్షేపంగా ఉంది. యజమాని సున్నం వేయమన్నారు. నేనూ తలూపాను. తెల్లారేసరికి ట్యాంకులో పీహెచ్ 9కి ఎక్కి కూర్చుంది. మేము సున్నం వేసింది ఒకటైతే, రాత్రంతా తిరిగిన ఏరేషన్ భూగర్భ జలంలో కూరుకుని ఉన్న గ్యాసును తరిమేసింది. రెండూ కలిసి కొంప ముంచాయి. ఏమీ వేయకుండా ఊరికే గాలి కొట్టి ఉంటే 8 దాటి ఆగేది. ఆ రోజు నేర్చుకున్న పాఠమే ఇప్పుడు మీకు చెబుతున్నాను: ఆమ్లం పోసి పీహెచ్ తగ్గించడం వేరు, గ్యాసు కలిపి తగ్గించడం వేరు. మొదటిదాంట్లో ఆల్కలినిటీ పడిపోతుంది, రెండోదాంట్లో పడదు. బహిరంగ సముద్రంలో జరుగుతున్నది రెండోదే.

దీన్ని ఒక్క రోజులో చూడాలంటే మీ చెరువే చాలు. తెల్లవారుజామున పీహెచ్ 7.7, సాయంత్రం 8.5. రాత్రంతా రొయ్యలూ బ్యాక్టీరియా ఊపిరి వదిలి నీటిని గ్యాసుతో నింపుతాయి, పగలు బ్లూమ్, అంటే నీటిలోని సన్నని నాచు, దాన్ని లాగేస్తుంది. ఆల్కలినిటీ రెండు పూటలా దాదాపు ఒకటే. సముద్రానికి వస్తున్న చిక్కు ఏమిటంటే, దాని తెల్లవారుజాము రెండు శతాబ్దాలుగా సాగుతోంది.

ఇది కాగితం మీది భయం కాదని చెప్పడానికి నేను ఎప్పుడూ చూపే ఉదాహరణ మన వృత్తిలోదే. అమెరికాలో ఆరెగాన్ తీరాన నెటార్ట్స్ బే అనే చిన్న ఖాతం ఒడ్డున విస్కీ క్రీక్ అనే ఆల్చిప్పల హేచరీ ఉంది. ఆ తీరం పొడుగునా ఎందరో ఆల్చిప్పల రైతులకు సీడ్ (పిల్లలు) ఇచ్చేది అదే. 2007లో అక్కడ లార్వాలు ట్యాంకులకు ట్యాంకులు చనిపోవడం మొదలైంది. ఏ హేచరీవాడికైనా మొదట వచ్చే అనుమానం విబ్రియో అనే బ్యాక్టీరియా మీదే. వాళ్లకూ అదే వచ్చింది. నీటిని శుద్ధి చేసే ఏర్పాట్లు పెట్టారు. బ్యాక్టీరియా అదుపులోకి వచ్చినా చావులు ఆగలేదు. చివరికి అక్కడి అలన్ బార్టన్, ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన బర్క్ హేల్స్ తదితరులు గాలి వీచే దిశనూ, నీటిలోని కార్బోనేటునూ, లార్వాల బతుకునూ పక్కపక్కన పెట్టి చూశారు. ఉత్తరం నుంచి గాలి వీచినప్పుడు తీరం దగ్గరి పై నీరు పక్కకు జరిగి, అడుగు నుంచి చల్లని నీరు ఉబికి వస్తుంది. ఆ నీరు ఎప్పుడో దశాబ్దాల కిందట గాలిని చూసినది. దారి పొడవునా కుళ్లిన సేంద్రియ పదార్థం దాన్ని గ్యాసుతో నింపింది. అది ప్రకృతిలో ఎప్పుడూ ఉన్నదే. దానికి మనిషి వదిలిన వాటా కూడా తోడై, గీత దాటించింది. ఆ నీరు ట్యాంకుల్లోకి వచ్చిన రోజుల్లోని లార్వాలు ఎదగలేదు. 2012లో ఈ పరిశీలన ప్రచురించారు.

పరిష్కారం ఏం చేశారో వింటే మీ నాన్నగారు నవ్వుతారు. లోపలికి వచ్చే నీటిలో సోడియం కార్బోనేట్ కలిపారు. చాకలి సోడానే. ఉదయం బదులు మధ్యాహ్నం నీళ్లు తోడుకోవడం కూడా అలవాటు చేసుకున్నారు, ఎందుకంటే ఎండెక్కేసరికి ఖాతంలోని సముద్రపు గడ్డి గ్యాసును లాగి నీటిని బాగు చేసి ఉంచుతుంది. మన చెరువు గడియారమే.

ఇక్కడ ఇంకో అపోహ తీర్చాలి. ఆ లార్వాల చిప్పలు కరిగిపోయాయని చాలాచోట్ల రాస్తారు. ఎక్కువ భాగం అలా కాదు. కాల్షియం, కార్బోనేట్ గాఢతలను గుణించి, గవ్వ ఖనిజం కరిగే హద్దుతో భాగిస్తే వచ్చే అంకెను సంతృప్త స్థాయి అంటారు. అది 1 కంటే కిందికి పోతేనే గవ్వ పదార్థం దానంతటది కరుగుతుంది. ప్రపంచంలో చాలాచోట్ల ఉపరితల జలాలు ఇప్పటికీ 1కి బాగా పైనే ఉన్నాయి. కానీ 1కి పైన ఉంటే చాలు, జీవికి హాయి అని కాదు. ఆల్చిప్ప లార్వా పుట్టిన రెండు రోజుల్లో తన మొదటి చిప్ప కట్టుకోవాలి. ఇంకా నోరు తెరిచి తిన్నది లేదు, గుడ్డులో వచ్చిన కొవ్వే పెట్టుబడి. పైగా ఆ వయసులో కట్టేది ఆరగోనైట్ అనే రకం, పెద్దయ్యాక కట్టే కాల్సైట్ కంటే సులువుగా కరిగేది. ‘బైకార్బోనేట్ కావలసినంత ఉందిగా, దాన్నే వాడుకోవచ్చు కదా’ అంటారా? వాడుకుంటాయి కూడా. కానీ బైకార్బోనేటుతో చిప్ప కడితే ప్రతిసారీ ఒక హైడ్రోజన్ అయాను మిగిలిపోతుంది, దాన్ని ఒంట్లోంచి బయటికి తోడిపోయాలి. బయట అవి ఎక్కువైన కొద్దీ తోడడం ఖరీదవుతుంది. కూడబెట్టిన కొవ్వంతా ఆ తోడుడుకే పోతే, మూడో రోజు తినడానికి శక్తి ఉండదు. అది ఆకలి చావు.

అగ్నిపర్వతాల సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే ఇందులో వివాదం పెద్దగా లేదు. నేల మీదివీ, సముద్రం కిందివీ అన్నీ కలిపినా అవి వదిలే కార్బన్ డయాక్సైడ్ మనం ఏటా వదిలేదానిలో ఒక శాతానికి లోపే. శిలాజ ఇంధనాల నుంచి మనం వదిలేది ఏడాదికి సుమారు 3,700 కోట్ల టన్నులు. మొత్తం మన ఉద్గారాల్లో పావు వంతు సముద్రంలోకి వెళ్తుంది. గాలిలో ఈ గ్యాసు పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల భాగాలకు 280, చార్ల్స్ కీలింగ్ 1958లో హవాయిలోని మౌనా లోవా మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు 315 దగ్గర, ఇప్పుడు 420 దాటింది. కారణం అడుగున ఉంటే మార్పు అడుగున ఎక్కువ కనిపించాలి. పైనుంచి వస్తున్నది కాబట్టే పై పొరల్లో ఎక్కువ కనిపిస్తోంది. సంతకం కూడా ఉంది: బొగ్గులో, చమురులో కార్బన్ 14 అనే రేడియోధార్మిక రకం కార్బన్ ఉండదు, లక్షల ఏళ్ల కిందటే క్షీణించిపోయింది. కార్బన్ 13 అనే కాస్త బరువైన రకం కూడా తక్కువ. గాలిలోనూ, సముద్రపు పై నీటిలోనూ, పగడాల పొరల్లోనూ ఆ 13 వాటా తగ్గుతూ వస్తోంది. వేడెక్కిన సముద్రమే గ్యాసు వదులుతోందని అనేవాళ్లకు ఒకటే జవాబు. వదిలేదైతే దానిలోని కార్బన్ తగ్గాలి, పెరుగుతోంది.

సముద్రం ఎంతైనా పీల్చుకుంటుందిలే అన్న ధీమా ఒకప్పుడు శాస్త్రవేత్తలకూ ఉండేది. 1957లో రోజర్ రెవెల్, హాన్స్ స్యూస్ దాన్ని దెబ్బతీశారు. గాలిలో గ్యాసు 10 శాతం పెరిగితే సముద్రపు పై నీటిలో కార్బన్ ఒక శాతమే పెరుగుతుంది. కారణం పైన చెప్పిన కార్బోనేట్ గిరాకీయే. అది ఖర్చయ్యే కొద్దీ పీల్చే శక్తీ తగ్గుతుంది.

మన బంగాళాఖాతానికి ఇంకో మెలిక ఉంది. గోదావరి, కృష్ణ, మహానది, గంగ పోసే మంచినీటితో ఇక్కడి పై పొర పలచన. ఉప్పు పలచనైతే కాల్షియం, కార్బోనేట్ కూడా పలచనే, తట్టుకునే బలం తక్కువ. దీనికి తోడు, విశాఖపట్నంలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రానికి చెందిన వి.వి.ఎస్.ఎస్. శర్మ బృందం 2015లో ప్రచురించిన వ్యాసంలో, తీర బంగాళాఖాతంలో కనిపించిన ఆమ్లత మార్పును వాయు కాలుష్యంతో ముడిపెట్టింది. గంగా మైదానం మీద పేరుకున్న సల్ఫేట్, నైట్రేట్ ధూళి శీతకాలపు గాలులతో వచ్చి నీటిలో పడుతుంది. అది గ్యాసు కథ కాదు, నేరుగా ఆమ్లం పోయడం. నా బోరు నీళ్ల కథలో చెప్పిన మొదటి రకం. ఇక్కడ ఆల్కలినిటీ కూడా తగ్గుతుంది.

చెరువులో సున్నం వేసినట్టు సముద్రంలోనూ వేయొచ్చు కదా అని మీరు చివర్లో సరదాగా రాశారు. సరదాకి కాకుండా దీనిమీద పని చేస్తున్నవాళ్లున్నారు. కానీ సున్నపురాయి పొడి చల్లితే పై నీటిలో కరగదు, అక్కడ సంతృప్త స్థాయి 1కి పైనే కదా. కాల్చి సున్నం చేసి వేయాలి. 100 కిలోల సున్నపురాయి కాలిస్తే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ పైకి పోతుంది, కట్టెలో బొగ్గో కాల్చినది అదనం. ఆ పొగను పట్టి దాచగలిగితేనే లెక్క గిట్టుతుంది. గుల్ల సున్నం బట్టీల నాటి నుంచీ ఈ లెక్క మారలేదు.

ఇక మీ మీటరు. హవాయి దగ్గర అలోహా అనే స్థానంలో 1988 నుంచి కొలుస్తున్నారు. అక్కడ తగ్గుదల ఏడాదికి 0.002 కంటే కాస్త తక్కువ. మీ పెన్ను మీటరు పొరపాటు 0.1 అనుకుంటే, అది సముద్రం యాభై ఏళ్లలో కదిలేంత దూరం. తీరంలో పొద్దున, సాయంత్రం మధ్య ఊగే ఊపు దానికంటే ఎక్కువ. పైగా 7, 10 అంకెల బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) సరిచేసిన మీటరు చూపే విలువకూ, సముద్ర శాస్త్రవేత్తలు వాడే కొలబద్దకూ మధ్య 0.1కి పైగా తేడా ఉంటుంది. కాబట్టి మీ మీటరు చూపే 8.2ను వాళ్ల 8.1 పక్కన పెట్టి ‘మన దగ్గర తగ్గలేదు’ అనుకోవడానికి లేదు.

నిజంగా కొలవాలని ఉంటే మీ కాలేజీ ల్యాబులో స్పెక్ట్రోఫోటోమీటరు (ద్రవం ఎంత కాంతిని పీల్చుకుంటుందో కొలిచే పరికరం) ఉందేమో చూడండి. సముద్రపు పీహెచ్‌ను ఖచ్చితంగా కొలిచేవాళ్లు ఎలక్ట్రోడును పక్కన పెట్టి మెటా క్రిసాల్ పర్పుల్ అనే రంగు వాడతారు. రెండు తరంగదైర్ఘ్యాల దగ్గర శోషణం చూసి, నిష్పత్తి తీసి, ఉప్పు శాతం, ఉష్ణోగ్రత వేసి లెక్కగడతారు. సీసాను బుడగ లేకుండా అంచుదాకా నింపి మూత పెట్టండి, బుడగలోకి గ్యాసు పారిపోతుంది. పెద్ద ల్యాబులు నమూనా పాడవకుండా మెర్క్యురిక్ క్లోరైడ్ వేస్తాయి. అది విషం, మీరు దాని జోలికి పోవద్దు. గంటలోపు కొలిచేయండి. ఎప్పుడూ ఒకే చోట, ఒకే వేళకు, వీలైతే పోటు నీళ్లు తీసుకోండి. ఆల్కలినిటీ కూడా అదే సీసాలోంచి టైట్రేట్ చేయండి. ఆ రెండు అంకెలూ, ఉప్పు శాతమూ, ఉష్ణోగ్రతా ఉంటే కార్బోనేట్ ఎంతో లెక్కలో వస్తుంది. మొదటి పది రీడింగులు వచ్చాక ఇక్కడే పెట్టండి, లెక్క కలిసి చూద్దాం.